పర్రలోనే తోట వెయ్యాలి

"డెల్టా అంతా తోటే కదండీ, మళ్లీ అందులో ఇంకో తోట ఎందుకు?"

ఈ మాట కూచిపూడిలో మా అరుగు మీద విన్నాను, పామర్రు సెంటర్లో టీ తాగుతూ విన్నాను, బందరులో చదువుకున్నవాళ్ల మధ్య కూర్చున్నప్పుడూ విన్నాను. రుద్రవరం దగ్గర కృష్ణా విశ్వవిద్యాలయంలో ఒక వృక్షోద్యానం, అదే బొటానికల్ గార్డెన్, పెట్టాలని నేనెప్పుడు నోరు తెరిచినా ముందు వచ్చే జవాబు ఇదే. దాని వెనకే రెండోది: "అయినా ఆ ఉప్పునేలలో ఏం బతుకుద్దండీ?" ఈ రెండు మాటల్నీ ఒకే మనిషి ఒకే గుక్కలో అనడం చాలాసార్లు చూశాను. అంతా తోటే అయిన చోట మొక్క బతకకపోవడం ఏమిటి? మొక్క బతకని చోటు తోట ఎలా అయింది? ఒకదాన్నొకటి కొట్టేసుకునే ఈ రెండు మాటల మీద ఆనుకుని మనం ఒక మంచి పనిని ఏళ్ల తరబడి పక్కన పెడుతున్నాం. ఇది తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ "అంతా తోటే" సంగతి చూద్దాం. భాద్రపద మాసంలో పామర్రు నుంచి కూచిపూడి వచ్చే రోడ్డు మీద రెండు పక్కలా కళ్లు నిండేంత పచ్చన. నేనూ ఆ పచ్చదనం చూసి పెరిగినవాణ్ణే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం లేదు. కానీ ఆ పచ్చదనం ఎన్ని మొక్కలది? ఒక్క మొక్కది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారాయి, మెట్ట మాగాణి అయింది, ఈనాడు సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. అందులో సింహభాగం వరి. ఆ వరిలోనూ అక్కుళ్లు, కృష్ణకాటుకలు లాంటి పాత వడ్ల పేర్లు మా నాయనమ్మ తరంతో పోయాయి. ఇప్పుడు నాలుగైదు రకాల విత్తనం ఊళ్లకు ఊళ్లను ఆక్రమించింది. తిండి పండించడానికి అది తప్పనిసరి కావచ్చు. కానీ అన్నం పెట్టే పొలాన్ని చూపించి ఇదే మా మొక్కల సంపద అనుకోవడం, ఇంట్లో బియ్యం బస్తాలు చూపించి ఇదే మా గ్రంథాలయం అన్నట్టు ఉంటుంది.

మొక్కల సంపద ఒకప్పుడు గట్ల మీద ఉండేది. నల్లతుమ్మ, తాడి, ఈత, కానుగ, గంగరావి, కాలువ ఒడ్డున జువ్వి, నీళ్ల రేవు దగ్గర మొగలి పొద. కోత మిషను తిరగడానికి గట్లు సన్నబడ్డాయి. చేపల చెరువులు, రొయ్యల చెరువులు తవ్విన చోట గట్టు మీద చెట్టు ఉంచరు. ఆకులు రాలి నీళ్లు పాడవుతాయనీ, కొంగలు వాలతాయనీ భయం. రైతును తప్పు పట్టడం లేదు, అతని లెక్క అతనిది. కానీ రైతు గట్టు మీంచి పోయిన చెట్టును ఎక్కడో ఒకచోట నిలబెట్టే బాధ్యత ఎవరిది? చెట్ల గురించి పాఠాలు చెప్పి పట్టాలిచ్చే సంస్థది కాకపోతే ఇంకెవరిది?

మా వీధిలో డిగ్రీలో బోటనీ చదివే ఒక పిల్లవాడున్నాడు. మొన్న సాయంత్రం ఇద్దరం మొవ్వ వైపు కాలువ గట్టున నడుస్తున్నప్పుడు, "నాన్నా, ఈ చెట్ల పేర్లు చెప్పు" అన్నాను. కొబ్బరి, వేప, తుమ్మ. అక్కడితో ఆగిపోయాడు. "మిగతావి సిలబస్‌లో లేవు తాతయ్యా" అన్నాడు మొహమాటంగా. వాణ్ణి ఏమనాలి? నేను చదువుకున్న కాలేజీలోనూ ఇదే కథ. తోట అంటే ఆఫీసు గది ముందు నాలుగు క్రోటన్ మొక్కలు, కత్తిరించిన దురంతా కంచె. రికార్డు పుస్తకంలో వేరు నుంచి పువ్వు దాకా నేను గీసిన బొమ్మల్లో సగం మొక్కలు నేను కంటితో చూసినవి కావు. అంతకుముందు ఏడు చదివిన కుర్రాడి రికార్డు చూసి గీశాను, అతను ఇంకొకరిది చూసి గీశాడు. ఒక మొక్కను చూడకుండా దాని బొమ్మను తరతరాలుగా నకలు తీసుకుంటూ పోవడమే మేం చేసింది. కాలేజీలో ఒక తోట, అందులో పేరు రాసిన పలకలు ఉండి ఉంటే నా చదువు వేరుగా ఉండేది. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంది.

ఇక ఉప్పు. ఈ వాదన దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే నా వాదనంతా ఇక్కడే ఉంది.

బందరు చుట్టూ చౌడు ఉంది, పర్ర అనే ఉప్పు బీడు ఉంది, వేసవిలో నేల మీద తెల్లగా ఉప్పు పేరుతుంది. నిజమే. అయితే ఆ ఉప్పు మీదే మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు పని చేశారు. బందరులోని, అదే మచిలీపట్నంలోని, వ్యవసాయ పరిశోధన స్థానం ఉప్పును తట్టుకునే వరి వంగడాలను తయారు చేసింది. ఎంసీఎం 100, ఎంసీఎం 101, ఎంసీఎం 103 అని రైతులు పిలిచే రకాల్లో ఆ ఎంసీఎం అక్షరాలు మచిలీపట్నానివే. ఉప్పు ఉంది కాబట్టి ఇక్కడ పరిశోధన అక్కర్లేదని వాళ్లు అనుకోలేదు. ఉప్పు ఉంది కాబట్టే ఇక్కడ స్థానం ఉండాలనుకున్నారు. వరికి వర్తించిన ఆ తర్కం తక్కిన మొక్కలకు ఎందుకు వర్తించదు?

నాగాయలంక నుంచి పడవలో సొర్లగొంది వైపు పాయల్లోకి ఒకసారి పోయి చూడండి. 1989లో అభయారణ్యంగా ప్రకటించిన సుమారు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవి అక్కడ ఉంది. పాటు తీసినప్పుడు బురదలోంచి వేల సంఖ్యలో పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడి కనిపించేవి తెల్లమడ శ్వాసవేళ్లు. బురదలో గాలి దొరక్క చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ చెట్టు ఆకు ఒకటి తుంచి నాలుక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటుంది. ఎండ ఎక్కాక ఆకు వెనక్కి తిప్పి వేలితో రాస్తే సన్నటి పలుకులు తగులుతాయి. వేళ్ల గుండా వచ్చిన ఉప్పును ఆకుల్లోంచి బయటికి తోసేస్తుందది. పక్కనే ఉప్పుపొన్న ఇంకో పద్ధతి పాటిస్తుంది. వేళ్ల దగ్గరే ఉప్పును చాలావరకు ఆపేస్తుంది. దాని గింజ చెట్టుకు ఉండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది, పండి రాలితే బురదలో నిటారుగా దిగుతుంది, లేదా పోటు నీళ్లలో తేలుతూ ఇంకో ఒడ్డుకు చేరుతుంది. ఇంకా నల్లమడ, గుగ్గిలం, కళింగ, గాదర, ముళ్ల ఆకుల ఆల్చి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని పడవవాళ్లు దూరంగా ఉండమంటారు. ఉప్పులో ఏం బతుకుద్ది అన్న ప్రశ్నకు జవాబు ఇదుగో ఇంత ఉంది. మన ఊళ్ల నుంచి బండి మీద పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేంత దూరంలోనే ఉంది. డెల్టాలో పుట్టి పెరిగిన ఎంతమంది దాన్ని చూశారు?

చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ తెల్లమడ నుంచే ఉప్పును తట్టుకునే జన్యువులను తీసి వరిలో ప్రవేశపెట్టే ప్రయోగాలు చేశారు. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చే రేపటి రోజుల్లో వరిని కాపాడే దారి బందరు పక్కన బురదలో ఉంటే, బందరు విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలకు ఆ చెట్టు ఆకు కూడా తెలియకపోవడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. అదే సంస్థ అటవీ శాఖతో కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో పాడైన మడ అడవులను తిరిగి పెంచింది. ఉప్పు ముదిరి బట్టతలలా మారిన చోట్ల చేప వెన్నుముల్లులాగా మధ్యన పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వారు. పోటు నీళ్లు లోపలికి వచ్చి, పాటుతో తిరిగి వెళ్లేలా చేశారు. నిలిచిన నీరు ఆవిరై పేరుకునే ఉప్పు కొట్టుకుపోయింది, నాటిన మొక్క నిలిచింది. అంటే మనకు లేనిది నేల కాదు, నీళ్లను నడిపించే ఓపిక.

ఆ ఓపిక మన రైతుకు కొత్తగా నేర్పక్కర్లేదు. చౌడును ఎలా లొంగదీస్తారో బందరు పల్లెల్లో ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతాడు. గట్టు ఎత్తుగా పోసి, పక్కన మురుగుబోదె తీసి, జిప్సం చల్లి, వానాకాలంలో నీళ్లు కట్టి ఉప్పును కిందికి దించి బోదెలోకి పంపి, జీలుగ చల్లి దున్నేస్తాడు. వృక్షోద్యానం కూడా అలాగే వెయ్యాలి. ఒకవైపు మట్టి పోసి ఎత్తైన దిబ్బ కట్టి అక్కడ మెరక చెట్లు, దిగువకు వస్తున్నకొద్దీ కానుగ, పొన్న, గంగరావి, వరగోగు, ఇంకా దిగువన ఇలకూర లాంటి ఉప్పు మొక్కలు, అట్టడుగున ఉప్పునీటి చెరువులో మడ జాతులు. ఇసుక తెచ్చి పోసిన ఒక తిప్ప మీద బాలబంది తీగ, రావణాసురుడి మీసాలు. పైనుంచి కిందికి నడిస్తే చాలు, మంచినీటి నుంచి సముద్రం దాకా మన డెల్టా ఎలా మారుతుందో పదో తరగతి పిల్లకైనా కాళ్లకు అర్థమవుతుంది. ఇలాంటి తోట బెంగళూరులో వెయ్యలేరు, హైదరాబాదులో వెయ్యలేరు. ఉప్పు ఉంది కాబట్టే ఇక్కడ వెయ్యగలం.

ఇప్పుడు బందరు కలంకారీ అద్దే పెడన సంగతి చెప్పాలి.

బందరు కలంకారీ పేరు చెప్పుకుని మనం ఛాతీ విరుచుకుంటాం. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో కోఠీలు పెట్టింది ముఖ్యంగా ఈ తీరపు బట్టల కోసమే. ఆ బట్టల ఎరుపుకు ప్రాణం ఒక మొక్క. చిరివేరు. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగేది, జానెడు మొక్క, కింద మూరెడు సన్నటి వేరు. పటికతో అచ్చు వేసిన బట్టను ఈ వేరు వేసి కాచిన నీళ్లలో ఉడకబెడితే పటిక అంటిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది, తక్కిన చోట కడిగితే పోతుంది. అద్దకంవాళ్ల విద్యలో సగం ఈ వేరును ఎంచుకోవడంలో ఉండేదట.

పెడనలో అద్దకం చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. రాగి బానలో బట్టలు కలియబెడుతున్నాడు, చేతులు మోచేతుల దాకా ఎర్రబారి ఉన్నాయి.

"బాబాయ్, చిరివేరు ఎప్పుడన్నా వాడారా?"

"మా తాత నోట విన్నాను బాబూ. కంటితో చూళ్ళేదు. ఇప్పుడిది పొడి, డబ్బాలో వస్తది."

"మొక్క చూపిస్తే గుర్తుపడతారా?"

ఆయన కర్ర తిప్పడం ఆపాడు. "ఎవరు చూపిస్తారు? ఎక్కడుందని?"

ఈ ప్రశ్న దగ్గర నాకు మాట రాలేదు. 1869 తర్వాత ఐరోపాలో ఆ ఎరుపునే రసాయనంగా చెయ్యడం మొదలై చిరివేరు గిరాకీ పోయింది, అది ఆర్థిక చరిత్ర. కానీ గిరాకీ పోయిన మొక్క పేరు కూడా ఆ వృత్తి చేసే ఊళ్లో పోవడం, చూద్దామంటే జిల్లాలో ఒక్కచోటా పలక తగిలించి చూపించే దిక్కు లేకపోవడం మన నిర్లక్ష్యం. ఇవాళ సహజ రంగుల బట్టకు దేశంలోనూ బయటా మంచి ధర పలుకుతోంది. చిరివేరు, నీలి, కరక్కాయ, సురుడు, మంజిష్ఠ ఒకే మడిలో పెంచి, ఏ నేలలో పెరిగిన వేరు ఎంత రంగు ఇస్తుందో కొలిచి, విత్తనం కట్టి పెడనకు ఇవ్వగల సంస్థ ఏది? ఉద్యోగాలు, ఉపాధి అని గొంతు చించుకునేవాళ్లు ఈ బాన దగ్గరకొచ్చి ఒక పూట కూర్చోవాలి.

ఇంకో మాట. ఈ చిరివేరు బొమ్మ రెండు వందల ఏళ్ల నాడే పుస్తకానికి ఎక్కింది. విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ అక్కడ ఒక ప్రయోగ తోట పెంచాడు. మన తీరపు మొక్కల్ని మన దేశపు చిత్రకారుల చేత గీయించి, వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. గోదావరి తీరంలో ఉప్పెన వచ్చి తన సేకరణలు, పుస్తకాలు కొట్టుకుపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద అతని పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో లండన్‌లో అచ్చయింది. 1793లో అతను కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లిపోయాడు, తెలుగు తీరంలో మొదలైన ఆ పని అక్కడ పెద్దదయింది. కంపెనీ లాభం చూసుకునే చేశాడనుకోండి, అయినా చేశాడు. మన తెలుగు పేర్లతో మన మొక్కల్ని నమోదు చేసిన పుస్తకం లండన్‌లో ఉంది, వాటి నకళ్లు ఐరోపా గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఆ మొక్కలు మాత్రం ఆ పేర్లతో బందరులో ఒక్కచోట నిలబడి లేవు.

ఇక తుఫాను వాదన. "ఎంత పెంచినా ఒక్క గాలికి పోతాయండీ" అంటారు. ఈ మాట అనేవాళ్లను నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. ఇది భయంలోంచి వచ్చిన మాట, ఆ భయానికి కారణం ఉంది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే పది వేల చావులు. ఆ రాత్రి సంగతులు ఇప్పటికీ అవనిగడ్డ, కోడూరు వైపు గొంతు తగ్గించి చెబుతారు.

కానీ 1864లోనే, బందరు ఉప్పెనకు నెల రోజుల ముందు, అక్టోబరు 5న కలకత్తాను ఇంకో పెను తుఫాను కొట్టింది. 1787లో మొదలైన అక్కడి వృక్షోద్యానం నేలమట్టమైనంత పనైంది. కోలుకునేలోగా 1867లో మళ్లీ దెబ్బ. అప్పుడు కలకత్తావాళ్లు ఇక్కడ తోట దండగ అని గేటు వేసుకోలేదు. 1871లో జార్జి కింగ్ అనే అధిపతి వచ్చి చెరువులు తవ్వించి, ఆ మట్టితో నేల మెరక చేయించి, దారులు వేయించి మొత్తం తోటను కొత్తగా కట్టాడు. ఇవాళ ప్రపంచం చూడ్డానికి వచ్చే తోట అదే. ఒకే ఏడాది, ఒకే సముద్రం, రెండు రేవు పట్నాలు. ఒకచోట తోట తిరిగి లేచింది. ఇంకోచోట తోట అన్న ఆలోచనే ఇంకా మొలకెత్తలేదు. మధ్యలో ఉన్నది గాలి తేడా కాదు.

పైగా దివిసీమలో బతికి బయటపడ్డవాళ్లలో ఎంతోమంది చెట్టును కావలించుకుని బతికినవాళ్లే. ముళ్లు ఒళ్లంతా చీరినా నల్లతుమ్మ కొమ్మను వదల్లేదని చెప్పినవాళ్లను నేను స్వయంగా కలిశాను. ఏ చెట్టు వేళ్లతో సహా లేచిపోయింది, ఏది వంగి నిలబడింది, ఏ చెట్టు ఉప్పునీళ్లు తాగి మరుసటి ఏడు చిగిర్చింది అన్నది ఈ తీరంలో ప్రాణానికి సంబంధించిన విద్య. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశాలోని కేంద్రపాడ జిల్లాలో పరిశోధకులు లెక్క తీస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న పల్లెల్లో చావులు తక్కువగా ఉన్నట్టు తేలింది. తుఫాను వస్తుంది కాబట్టి తోట వద్దనడం కాదు, తుఫాను వస్తుంది కాబట్టే ఏ చెట్టు ఏంటో ముందే తెలిసి ఉండాలి. ప్రతి గాలివాన తర్వాత ఆ తోటలో లెక్క రాసుకుంటే పదేళ్లలో ఈ తీరంలో ఏం నాటాలో చెప్పగల పుస్తకం మన చేతిలో ఉంటుంది.

అలాంటి పుస్తకం లేకపోతే ఏమవుతుందో విశాఖలో చూశాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ నగరం చెట్లను పెద్ద ఎత్తున పడగొట్టాక, త్వరగా పెరుగుతుందని వీధి వీధినా ఏడాకులపాల నాటారు. చెట్లు పెరిగి ఒకేసారి పూతకొచ్చాక ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఊపిరాడటం లేదు అని జనం మొత్తుకున్నారు, కొట్టెయ్యమని అర్జీలు పెట్టారు. చెట్టు తప్పేం లేదు, అడవిలో అది మంచి చెట్టే. చోటు తెలియక, సంఖ్య తెలియక నాటడమే తప్పు. కోనోకార్పస్ కథా అంతే. పచ్చగా ఉంటుంది, త్వరగా పెరుగుతుంది, మేక ముట్టదు అని ఊరూరా డివైడర్ల మీద నింపాం, ఇప్పుడు దాని గురించి ఫిర్యాదులు వింటున్నాం.

ఇక్కడే నాకు బాగా కోపం తెప్పించే మాట ఒకటుంది. "పార్కు వేద్దాం లెండి, అదే అదే." అదే కాదు. కడియం నుంచి లారీలో రాయల్ పామ్‌లు, ఫాక్స్‌టెయిల్‌లు దింపి, లాన్ పరిచి, మధ్యలో ఫౌంటెన్ పెట్టి, ఫొటో తీసుకునే అక్షరాల బొమ్మ ఒకటి నిలబెడితే అది పార్కు. పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు నడవడానికి పార్కు కావాలి, కాదనను. కడియం నర్సరీల వాళ్లు అడిగింది ఇస్తారు, వాళ్ల పనితనానికి దణ్ణం పెట్టొచ్చు. కానీ వృక్షోద్యానంలో ప్రతి మొక్కకూ పుట్టుపూర్వోత్తరాలు ఉంటాయి. ఈ ఉప్పుపొన్న ఏ పాయ నుంచి, ఏ తేదీన, ఎవరు తెచ్చారు, గింజతోనా అంటుతోనా, ఎప్పుడు పూసింది, ఎప్పుడు చచ్చిపోయింది అన్నీ ఒక చిట్టాలో ఉంటాయి. ఆ చిట్టా ఉంటే తోట చిన్నదైనా విలువైనదే, అది లేకపోతే వందెకరాలున్నా అందమైన పచ్చిక మాత్రమే.

"ముందు క్లాసురూములు, ల్యాబులు, మేస్టార్లు కావాలి, తర్వాత తోట." ఇది వినడానికి న్యాయంగా ఉంటుంది. బోటనీ విద్యార్థికి తోటే ల్యాబు అన్న సంగతి మరిచిపోతే. ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయం తన తోటను 1545లో పెట్టింది. అలంకారం కోసం పెట్టలేదు. ఒక మూలిక అనుకుని ఇంకో మూలిక ఇచ్చే పొరపాట్లు, మోసాలు ఎక్కువై, వైద్యం చదివే పిల్లలకు అసలు మొక్కను చూపించాలని పెట్టింది. 1585లో నాటిన ఒక తాటిజాతి చెట్టు అక్కడ ఇప్పటికీ బతికుంది. ఆ అవసరం మనకు లేదా? మన వైద్యంలో పునర్నవ అని రాస్తే ఒకచోట అటికమామిడి ఇస్తారు, ఇంకోచోట గలిజేరు ఇస్తారు. రెండూ నేల మీద పాకేవే, కొన్ని ఊళ్లలో రెండింటినీ గలిజేరు అనే అంటారు, కానీ రెండు వేర్వేరు కుటుంబాల మొక్కలు. పక్కపక్కన రెండు మళ్లలో పెంచి చూపిస్తే అయిదు నిమిషాల్లో తీరే చిక్కు ఇది.

డబ్బులేదు అనే మాటకు జడ్చర్ల జవాబు చెప్పింది. అక్కడిది విశ్వవిద్యాలయం కూడా కాదు, ప్రభుత్వ డిగ్రీ కళాశాల. అధ్యాపకులు, విద్యార్థులు పూనుకుని కాలేజీ ఆవరణలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచారు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం తూర్పు కనుమల అరుదైన మొక్కలతో తన ఉద్యానాన్ని కట్టుకుంది. మెట్టప్రాంతం వాళ్లు బిందెలతో నీళ్లు మోసి చెయ్యగలిగిన పనిని, గడప ముందు కాలువ పారే మనం చెయ్యలేమా? ఒక పదెకరాలు, ఒక బోరు లేకపోతే కాలువ తూము, ఒక నర్సరీ షెడ్డు, మొక్కల చిట్టా రాసే ఒక మనిషి. అన్నిటికన్నా ముందు ఒక మంచి తోటమాలి, పర్మనెంటు ఉద్యోగంతో. ఈ చివరిది లేకుండా మొదలుపెట్టే తోట ప్రారంభోత్సవం రోజు నాటిన మొక్కతోనే ముగుస్తుంది. కాంట్రాక్టు మీద ఆరునెలలకొకరు మారిపోతుంటే ఏ మొక్క ఎక్కడిదో ఎవరికి గుర్తుంటుంది?

"అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా" అనేవాళ్లకు కూచిపూడివాడిగా ఒక్క మాట చెబుతాను. మా ఊళ్లో భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. భామాకలాపం తాళపత్రాల మీద ఉంది, తర్వాత అచ్చయింది, ఇప్పుడు వీడియోల్లోనూ ఉంది. అయినా అది నిలిచింది గురువు చేతిని పట్టుకుని అడుగు వేయించడం వల్ల. శరీరం మీదుగా శరీరానికి వచ్చిన విద్య అది. మొక్కా అంతే. గింజ నుంచి గింజకు, చెయ్యి నుంచి చేతికి వస్తేనే ఉంటుంది. పాత రోజుల్లో సత్యభామ నగలు తేలికైన బూరుగు చెక్కతో చేసేవారు. బరువు లేకుండా గంటల తరబడి ఆడటానికి అదే అనువైన చెక్క. నాట్యం నేర్చుకోవడానికి మా ఊరొచ్చే పిల్లలకు ఆ నగల బొమ్మలు చూపిస్తాం. బూరుగు చెట్టు చూపించమంటే మాత్రం ఇటూ అటూ చూస్తాం.

2023లో బందరు ఓడరేవు పనులు మొదలయ్యాయి. ఓడరేవు రావాలనే కోరుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ రేవుతో రోడ్లు వస్తాయి, మెరక పోస్తారు, పర్ర మీద గోడలు లేస్తాయి. ఈ తీరపు నేల రాబోయే ఇరవై ఏళ్లలో గడిచిన వందేళ్లలో మారినంత మారుతుంది. ఎక్కడ ఏ మొక్క ఉందో రాసుకుని, కొన్ని గింజలు తెచ్చి ఒకచోట బతికించుకోవాలంటే సమయం ఇదే.

వానలు ముదిరే నెలల్లో తెల్లమడ కాయలు పండి రాలతాయి, పోటు నీళ్ల మీద తేలుతూ పాయల ఒడ్డుకు చేరతాయి. బొటనవేలి గోరంత, పలచటి పొట్టు, లోపల అప్పటికే మడిచి పెట్టిన రెండు ఆకులు. పొట్టు నానిపోయి ఊడితే వారం తిరక్కుండా వేరు దిగుతుంది, బకెట్లో వేసినా సరే. రుద్రవరంలో తోటకు ఈ ఏడే మొదటి మొక్క పెట్టాలంటే నాగాయలంకలో ఒక పూట పడవ మాట్లాడుకోవాలి, ఇద్దరు బోటనీ పిల్లలు, ఒక గోనెసంచి, తేదీ రాసుకోవడానికి ఒక నోటుబుక్కు ఉంటే చాలు. పడవకు అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను.